తెల్లరాతికి నీడ గీత, నల్లరాతికి వెలుగు గీత

మా మనవరాలికి ఒక అలవాటుంది. ఏ వస్తువునైనా ముందు వేలితో చూస్తుంది, ఆ తర్వాతే కంటితో. మొన్న సెలవులకు వచ్చినప్పుడు హనుమకొండలో వేయిస్తంభాల గుడికి తీసుకెళ్ళాను. దర్శనం అయింది, నందికి దండం పెట్టుకోవడం అయింది. ఇక బయల్దేరుదామంటే పిల్ల పక్కన లేదు. వెనక్కి వెళ్ళి చూస్తే మండపంలో ఒక స్తంభం దగ్గర ఉంది. స్తంభం నడుం చుట్టూ ఉన్న గాడిలో చూపుడువేలు పెట్టి, ఆ గాడి వెంబడే గుండ్రంగా తిరుగుతోంది.

"తాతా, గీ గాడులెందుకు? సాఫుగ ఇడిస్తే స్తంభం నిలబడదా?"

"నిలబడతది బిడ్డా" అన్నాను. "మరి గింత పనెందుకు పెట్టుకున్నరు?" అంది. మెట్ల మీద కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాను. అక్కడ చెప్పింది కొంత, ఇంటికొచ్చాక గుర్తొచ్చింది కొంత, మీకూ చెబుతాను.

మన భాషలో గాడి అన్నది చాలా పాత స్నేహితురాలు. పెళ్ళిళ్ళలో నేల పొడుగ్గా తవ్వి, వరసగా గుండిగలు ఎక్కించేది గాడిపొయ్యి. బండి చక్రాలు ఒకే చోట నడిచి నడిచి పడేది గాడి. పని కుదురుకుంటే గాడిలో పడిందంటాం, చెడితే గాడి తప్పిందంటాం. ఇంగ్లీషువాళ్ళు స్తంభాల మీద అందానికి తీసే గాడులకు ఫ్లూటింగ్ అని పేరు పెట్టారు. ఫ్లూట్ అంటే వేణువే. వెదురు గొట్టాన్ని నిలువునా రెండుగా చీల్చి, ఆ దొప్పలను పక్కపక్కన నిలబెడితే ఎలా ఉంటుందో వాళ్ళ స్తంభాలు అలా కనిపిస్తాయి. మనం వేణువును పిల్లనగ్రోవి అంటాం కదా, గ్రోవి అంటే గొట్టం. గాడికి ఇంగ్లీషు మాట గ్రూవ్. గ్రోవి, గ్రూవ్ అక్కచెల్లెళ్ళలా వినిపిస్తాయి గానీ చుట్టరికం లేదు. గ్రూవ్ అన్నది గుంట అనే అర్థమున్న జర్మానిక్ మాటల కుటుంబం నుంచి వచ్చింది. వినడానికి ఒకేలా ఉన్న మాటలన్నీ ఒకే ఇంటివి కావని పిల్లలకు చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి జంట దొరకలేదు.

ఫ్లూటింగ్ అంటే ఏమిటో చూడాలంటే ఏథెన్స్ దాకా పోనక్కర్లేదు, వంటింట్లో బీరకాయను నిలబెట్టండి చాలు. పైనుంచి కిందికి పది పదునైన అంచులు, అంచుకూ అంచుకూ మధ్య కొంచెం లోపలికి పోయిన పల్లం. గ్రీకులు డోరిక్ అని పిలిచే స్తంభం సరిగ్గా ఇదే, అంచులు మాత్రం ఇరవై. క్రీస్తుకు పూర్వం 447లో మొదలైన పార్థినాన్ గుడి చుట్టూ ఇలాంటివి 46 ఉన్నాయి, ఒక్కోటి పది మీటర్లకు పైగా ఎత్తు. వాళ్ళదే అయోనిక్ అనే ఇంకో రకంలో గాడులు 24, అంచులు బీరకాయలా పదునుగా కాకుండా మధ్యలో సన్నని పట్టీ వదిలినట్టు ఉంటాయి. రోమన్ వాస్తుకారుడు విట్రూవియస్ ఈ గాడులను ఆడవాళ్ళ బట్టల మడతలతో పోల్చాడు. చీర కుచ్చిళ్ళు పెట్టుకునే మన దేశంలో ఆ పోలికను విప్పి చెప్పనక్కర్లేదు. గాడి లోపలికి పోకుండా బయటికి ఉబ్బితే, అంటే జనుపకట్టెలను మోపు కట్టినట్టుంటే, దాన్ని రీడింగ్ అంటారు. అలంపురం నవబ్రహ్మ ఆలయాల శిఖరాల మీద తొనలు తొనలుగా ఉండే రాతి చక్రం ఉంటుంది చూడండి, అది ఈ ఉబ్బు రకానిదే. దాని పేరు ఆమలకం, అంటే మన ఉసిరికాయ. మనవాళ్ళు పేరు పెట్టడానికి తోటలోకే వెళ్ళారు.

అసలు స్తంభానికి ఈ గాడులు ఎలా వచ్చాయి? రాయి గుండ్రంగా దొరకదు. పలకగానే దొరుకుతుంది. చదరపు దిమ్మె నాలుగు మూలలూ కొట్టేస్తే ఎనిమిది పలకలు. ఆ ఎనిమిది మూలలూ కొట్టేస్తే పదహారు. ఒక్కో పలకనూ కొంచెం లోపలికి తొలిచారా, ఫ్లూటింగ్ వచ్చేసినట్టే. ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది, పిల్లలు కాగితం మీద చేసి చూడండి. చదరం గీసి, దారం ఒక కొసను మూలలో పెట్టి, రెండో కొసను చదరం నట్టనడిమి చుక్కకు తాకించండి. ఆ దారాన్ని అలాగే బిగబట్టి, మూలకు అటూ ఇటూ ఉన్న రెండు అంచుల మీదికి తిప్పి గుర్తు పెట్టండి. నాలుగు మూలల నుంచీ ఇలా చేస్తే ఎనిమిది గుర్తులు పడతాయి. వరసగా కలిపితే ఎనిమిది భుజాలూ సమానంగా ఉన్న అష్టభుజి. కొలబద్ద లేదు, గుణకారం లేదు, దారం ఒక్కటి చాలు. శివలింగంలోనూ ఈ మెట్లే కనిపిస్తాయి. పానవట్టం కింద కనపడని అడుగు భాగం చదరం, అది బ్రహ్మభాగం. మధ్యది ఎనిమిది పలకల విష్ణుభాగం. మనం పూజించే పైభాగం గుండ్రం, రుద్రభాగం.

వేయిస్తంభాల గుడి స్తంభాల్లో నాకు ఇష్టమైన సంగతి, ఒకే స్తంభంలో చదరమూ పలకలూ గుండ్రమూ అన్నీ ఉండటం. గ్రీకు గాడులు పైనుంచి కిందికి జారితే, ఇక్కడివి వడ్డాణంలా అడ్డంగా చుట్టుకుంటాయి. ఒక ఉబ్బు, ఒక పల్లం, సన్నని మెడ, మళ్ళీ ఉబ్బు. ఇది ఎక్కడి పద్ధతో తెలియాలంటే పాత మంచం కోడును చూడాలి. మా ఇంట్లో మా నాయన నాటి పట్టెమంచం ఇంకా ఉంది. పట్టెలు దూర్చే చోట కోడు చదరంగా ఉంటుంది, పట్టె కదలకుండా కూర్చోవాలి కదా. మిగిలిన చోటంతా గుండ్రంగా గాడులు గాడులుగా ఉంటుంది. ఆ గుండ్రాన్ని తీసేది తరిమెన. ఒకరు తాడు ఇటూ అటూ లాగుతుంటే కర్ర గిరగిరా తిరుగుతుంది, ఇంకొకరు ఉలి ఆనిస్తారు. ఉలి ఆగిన చోట గాడి. ఏటికొప్పాకలో అంకుడు కర్ర బొమ్మలు చేసేదీ తరిమెన మీదే. ఇంగ్లీషులో దీన్నే లేత్ అంటాం. తిరిగే వస్తువు మీద ఆనిన ఉలి అడ్డగాడినే తీస్తుంది, నిలువుగాడిని తీయలేదు. అందుకే గాడి ఎటు పోతోందో చూస్తే ఆ రూపం ఏ పనిముట్టు నుంచి పుట్టిందో తెలిసిపోతుంది.

వేయిస్తంభాల గుడి కట్టించిన కాకతీయులు మొదట కళ్యాణి చాళుక్యులకు సామంతులు. కన్నడ నేల మీద లక్కుండి, ఇటగి వంటి చోట్ల చాళుక్య శిల్పులు స్తంభాలను తరిమెన మీద తిప్పారు. వాళ్ళకు దొరికింది బలపపు రాయి. చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం అలాంటి మెత్తని రాయే, గోటితో గీరినా గీత పడుతుంది. రాళ్ళ గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా కొలిచే మోస్ కొలమానంలో బలపపు రాతిలోని ముఖ్య ఖనిజం 1 దగ్గర ఉంటుంది. మన రుద్రదేవుడు 1163లో ఈ గుడి కట్టించేనాటికి సామంతపు ముసుగు తీసేసి స్వతంత్రుడయ్యాడు. రుద్రేశ్వరుడు, వాసుదేవుడు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్ళు పెట్టి త్రికూటం కట్టించాడు. రూపం చాళుక్యులదే తీసుకున్నారు, రాయి మాత్రం మన నేలది. ఇక్కడి నల్లరాయి, డోలరైటు, ఆ కొలమానంలో 6 దగ్గర ఉంటుంది. ఉలి ఉక్కు గట్టిదనమూ సుమారు అంతే. అంటే దెబ్బ దెబ్బకూ రాయితో పాటు ఉలీ అరుగుతుంది, పక్కన కొలిమి పెట్టుకుని మాటిమాటికీ సాన పట్టుకుంటూ చెయ్యాల్సిన పని. బలపపు రాతిలో తిప్పిన గాడినే నల్లరాతిలో అంత తేటగా దింపారంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు గగుర్పొడుస్తుంది.

ఇప్పుడు పిల్ల అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. ఎందుకు?

గ్రీకుల గుడి తెల్లని పాలరాయి, ఎర్రటి ఎండలో ఆరుబయట నిలబడింది. తెల్లని నున్నటి స్తంభం మీద నడినెత్తి ఎండ పడితే కళ్ళు చెదిరి, అది గుండ్రమో పలకో దూరం నుంచి తెలియదు. నిలువుగాడులు తీస్తే, సూర్యుడికి ఎదురుగా ఉన్న గాడులు నిండుగా వెలుగుతాయి, పక్కకు తిరిగిన గాడుల్లో ఒక అంచు నీడ పడి సగం నల్లబడతాయి, ఇంకా పక్కకు పోతే మరీ చీకటి. ఆ నీడల మెట్లను చూసి మన కన్ను "ఇది గుండ్రం" అని గ్రహిస్తుంది. పొద్దు తిరిగినకొద్దీ నీడలూ తిరుగుతాయి. వాళ్ళు నీడతో గీత గీశారు.

మన నల్లరాయికి ఆ ఉపాయం పనికిరాదు. నల్లదాని మీద నీడ ఏం కనిపిస్తుంది? పైగా మండపానికి పైన రాతి కప్పు. వెలుతురు పక్కల నుంచి ఏటవాలుగా వస్తుంది, నేల మీద పడి కొంత పైకి లేస్తుంది. అందుకని మనవాళ్ళు తిరగేసి ఆలోచించారు. రాయిని అద్దంలా నునుపు చేశారు. గరుకు రాయి తన మీద పడ్డ వెలుతురును నలుదిక్కులా చల్లేస్తుంది, నునుపు రాయి ఒకే దిక్కుకు తిప్పి కొడుతుంది. నునుపైన గుండ్రటి స్తంభాన్ని చూడండి, దాని మీద ఒక సన్నని మెరుపు పైనుంచి కిందికి గీతలా నిలబడుతుంది. స్టీలు చెంబు మీదా చూడొచ్చు. ఇప్పుడు ఆ స్తంభానికి అడ్డగాడులు తీస్తే? పొడుగాటి మెరుపు గీత తెగి ముక్కలవుతుంది. ప్రతి ఉబ్బు మీదా ఒక చుక్క, ప్రతి పల్లంలోనూ ఒక చుక్క. నల్లని మెడలో ముత్యాల పేరు వేలాడదీసినట్టు. ఏ రంగూ పూయలేదు, ఏ రాయీ పొదగలేదు. తెల్లరాతికి నీడ గీత అయితే నల్లరాతికి వెలుగు గీత.

ఇందులో ఇంకో తమాషా ఉంది. ఆ చుక్కలు మనతో పాటు కదులుతాయి. కూర్చున్నవాళ్ళు మెల్లగా లేస్తే, ఉబ్బు మీది చుక్క మనతో పైకి వస్తుంది, పల్లంలో చుక్క కిందికి దిగుతుంది. ఎందుకో చెబుతాను. వెలుతురు వచ్చే దిక్కుకూ మన కంటికీ సరిగ్గా మధ్యకు ముఖం తిప్పి ఉన్న చోటే మెరుస్తుంది. మనం పైకి లేస్తే, ఇంకొంచెం పైకి చూస్తున్న చోటు కావాలి. ఉబ్బులో పైకి చూసేది దాని పై సగం. పల్లంలో పైకి చూసేది దాని కింది సగం. అందుకే ఒకటి పైకి, ఒకటి కిందికి. గరిటె వీపు మీద మన ముఖం నిటారుగా, గరిటె గుంటలో తలకిందులుగా కనపడటం కూడా ఈ ఉబ్బు, పల్లం తేడా వల్లే.

పెద్దవాళ్ళకు ఒక అనుమానం రావచ్చు, ఇన్ని గాడులు తీస్తే స్తంభం బలం పోదా అని. నొక్కిడిని తట్టుకోవడంలో రాయికి సాటి లేదు. మంచి గ్రానైటు చదరపు సెంటీమీటరుకు వెయ్యి కిలోలకు పైగా మోస్తుంది. స్తంభం బలం దాని సన్నని మెడ దగ్గర ఎంతో అంతే, నిజమే, కానీ ఆ మెడ కూడా తన మీది బరువుకు ఎన్నో రెట్లు చాలుతుంది. రాయి ఓడిపోయేది వంపుకూ లాగుడుకూ. అక్కడ దాని బలం నొక్కిడి బలంలో పదో వంతు కూడా ఉండదు. వేయిస్తంభాల గుడి కళ్యాణమండపం కుంగింది స్తంభాల మెడ తెగి కాదు, కింద నేల కదిలి. ఇసుక నింపిన పునాది మీద కట్టిన ఆ మండపాన్ని పురావస్తు శాఖ 2006లో రాయి రాయీ విప్పి, మళ్ళీ పేర్చి, 2024 మార్చిలో శివరాత్రికి తెరిచింది. అన్నేళ్ళూ వరంగల్లు వాళ్ళం పక్కన కుప్పపోసి ఉన్న స్తంభాల ముక్కలను చూసి బెంగపడ్డాం. లేచి నిలబడ్డాక వెళ్ళి చూసిన రోజు నాకు కన్నీళ్ళు ఆగలేదు.

లాగుడుకు రాయి ఓడిపోతుందన్న గుణమే బండలు కోసేవాళ్ళకు బతుకుతెరువు. షాబాదు బండ మీద ఒక సన్నని గాడి కొట్టి, అటూ ఇటూ వంచితే ఆ గీత వెంబడే పుటుక్కుమంటుంది. అద్దం కోసేదీ అంతే. లాగుడు బలమంతా ఆ పదునైన గాడి మొనకు వచ్చి గుమిగూడుతుంది. మాత్ర మధ్యలో గీత ఉండేదీ సగానికి విరవడానికే. స్తంభం గాడుల అడుగు గుండ్రంగా ఉంటుంది గనుక అలా గుమిగూడే మొన దొరకదు.

గాడి కొడితే బండ విరుగుతుంది గానీ, రేకుల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది, వాటికి గాడే బలం. పోస్టుకార్డును రెండు గ్లాసుల మీద వంతెనలా పెట్టి పైన ఒక్క రూపాయి బిళ్ళ పెట్టండి, వంగిపోతుంది. అదే కార్డును విసనకర్రలా మడతలు పెట్టి పరిస్తే నీళ్ళ లోటానే మోస్తుంది. పదార్థం పెరగలేదు, నడిమి గీత నుంచి పైకీ కిందికీ దూరం జరిగింది. ఆ దూరం రెట్టింపైతే బిగువు సుమారు నాలుగింతలవుతుంది. మన పశువుల కొట్టం మీది అలల రేకుకు 1829లో హెన్రీ రాబిన్సన్ పామర్ అనే ఇంగ్లండు ఇంజనీరు పేటెంటు తీసుకున్నాడు. అట్టపెట్టెలో రెండు అట్టల మధ్య ఉండే అలల కాగితాన్ని పెట్టెలు చేసేవాళ్ళు ఇప్పటికీ ఫ్లూట్ అనే అంటారు. స్టీలు బిందె నడుముకు చుట్లు ఉండేదీ సొట్ట పడకుండానే. డ్రిల్లు బిట్టుకు మెలితిరిగిన గాడి ఉంటే, దాని పని పొడిని పైకి తోడెయ్యడం. మా నానమ్మ తిరగలికి ఏడాదికోసారి కక్కు కొట్టించేది, అదీ గాడే, పిండి అంచుకు జారడానికి.

గాడుల్లో మన ఊరికి బువ్వ పెట్టిన గాడి ఇంకొకటి ఉంది. 1934లో వరంగల్లులో ఆజంజాహి మిల్లు పెట్టారు. మా మేనమామ అందులో నూలు వడికే ఖాతాలో పనిచేసేవాడు. ఆదివారాలు మా ఇంటికొచ్చి భోంచేశాక, రెండు చేతుల బొటనవేళ్ళూ చూపుడువేళ్ళతో దూదిని పట్టుకుని లాగి చూపించేవాడు. "దారం వడికేది కదురు కాదురా, ముందు రోలర్లు" అనేవాడు. సంగతేమిటంటే, దూది తాడు వరసగా కొన్ని జతల రోలర్ల మధ్య నుంచి పోతుంది. వెనక జత నెమ్మదిగా తిరుగుతుంది, ముందు జత వేగంగా. ఆ వేగాల తేడాకు దూది సాగి సన్నబడుతుంది. పోగు పొడవు మూడు సెంటీమీటర్లకు కాస్త అటూఇటూ, జతకూ జతకూ మధ్య ఎడం దానికంటే కొంచెమే ఎక్కువ. తక్కువైతే పోగు తెగుతుంది, మరీ ఎక్కువైతే పోగులు చెదిరి ఒకచోట లావు ఒకచోట సన్నం. ఇదంతా జరగాలంటే రోలరు దూదిని జారకుండా పట్టుకోవాలి. నున్నటి ఉక్కు రోలరు పట్టుకోలేదు. అందుకని కింది ఉక్కు రోలరుకు పొడుగునా సన్నని గాడులు తీస్తారు. మిల్లు భాషలో దాని పేరే ఫ్లూటెడ్ రోలర్. పైన మెత్తని తొడుగున్న రోలరు ఒత్తుతుంది. ఆ గాడులను తిన్నగా కాకుండా కొంచెం వాలుగా తీస్తే, ఒక గాడి వదిలేలోగా ఇంకోటి పట్టుకుంటుంది, కుదుపు ఉండదు. చేతికి అందేంత చిన్న ఏథెన్స్ స్తంభం అన్నమాట, పడుకోబెట్టి తిప్పుతున్నారు. మిల్లు మూతపడి చాలా కాలమైంది. ఎనుమాముల మార్కెట్టుకు పత్తి బండ్లు మాత్రం ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి.

ఇంటికొచ్చేసరికి మా ఇంటావిడ మురుకులు చేస్తోంది. పిల్ల గొట్టంలోని నక్షత్రం బిళ్ళను కడిగి ఎండకు పట్టి చూసింది. "తాతా, గిది గూడ ఫ్లూటింగేనా?" అవును. నక్షత్రం చిల్లు లోంచి వచ్చిన పిండికి పొడుగునా గాడులు పడతాయి. గుండ్రటి పోగు కంటే దానికి నూనె తగిలే ఒళ్ళు ఎక్కువ, నడిమి గుజ్జు అంచుకు దగ్గర. లోపలి తడి తొందరగా ఆవిరై పోతుంది, అందుకే అంత కరకర.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ గుడికి పోదామని పట్టుబట్టింది. తూర్పు వెలుతురు మండపంలోకి వాలుగా వస్తోంది. నిన్నటి స్తంభం ముందు నిలబడి, కళ్ళు చుక్కల మీద నిలిపి, మెల్లగా కూర్చుంది, మెల్లగా లేచింది. మళ్ళీ కూర్చుని లేచింది. "పైకొచ్చింది తాతా! పల్లంలది కిందికి పోయింది!" అటుగా వచ్చిన ఒక పెద్దావిడ కాసేపు ఆగి చూసి, "ఎంత భక్తి బిడ్డా, గుంజీళ్ళు గణపతి ముందర తియ్యాలె" అని చెప్పింది. పిల్ల ఆమె చెయ్యి పట్టుకుని స్తంభం ముందుకు తీసుకొచ్చింది. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు ఆనించి కొంచెం వంగింది, మళ్ళీ నడుం ఎత్తింది, ఇంకోసారి వంగింది.